పదిహేను రోజుల పంతుళ్లు

(వేసవి సెలవుల్లో బెంగళూరు భవన నిర్మాణ కూలీల షెడ్లలో పిల్లలకు చదువు చెప్పడానికి ఆంధ్ర, తెలంగాణ సంఘాల నుంచి వచ్చిన యువతీయువకులతో మొదటి సాయంత్రం పంచుకున్న మాటలు)



విజయవాడలో, గుంటూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు రాత్రి సరిగా నిద్రపోయి ఉండరు. హైదరాబాదు నుంచి బస్సులో వచ్చినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి వీలైనంత త్వరగా ముగిస్తాం. కానీ రేపు ఉదయం మీరు షెడ్లలో అడుగుపెట్టక ముందే కొన్ని సంగతులు చెప్పకపోతే, మేము చేసిన తప్పులే మీరూ చేస్తారు. దానివల్ల నష్టపోయేది మీరూ కాదు, మేమూ కాదు. ఆ పిల్లలు.

మొదట వాక్యం. యెహెజ్కేలు గ్రంథం 3వ అధ్యాయం, 15వ వచనం. దేవుడు యెహెజ్కేలును పిలిచాడు, గ్రంథపు చుట్టను తినిపించాడు, చెప్పవలసిన మాట ఇచ్చాడు. అంత సిద్ధపాటు అయ్యాక ప్రవక్త కెబారు నది దగ్గర తేలాబీబులో ఉన్న చెరవారి దగ్గరికి వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడు? ప్రసంగం మొదలుపెట్టలేదు. వాళ్లు కూర్చున్న చోటే తానూ కూర్చున్నాడు. ఒకటి కాదు, ఏడు రోజులు. మాట్లాడలేక, విస్మయంతో కూర్చున్నాడు. ఏడు రోజులు గడిచాకే దేవుని వాక్కు మళ్లీ అతనికి వచ్చింది.

మీకున్నది పదిహేను రోజులు. అందులో ఏడు రోజులు ఊరికే కూర్చోండి అని చెబితే మీ ఇంట్లో వాళ్లు ఊరుకోరు, మీ సంఘ పెద్దలు అసలే ఊరుకోరు. అందుకని మూడు రోజులు అడుగుతున్నాం. మొదటి మూడు రోజులు పాఠం చెప్పకండి. ఎందుకో చెబుతాం.

మేము ఈ ఊళ్లోనే వేదాంతం చదువుకున్నాం. ఆ నాలుగేళ్లూ పెద్ద పెద్ద భవనాలు లేవడం చూశాం గానీ వాటి వెనక రేకుల షెడ్లు చూడలేదు. చూడలేదంటే కనిపించలేదని కాదు. బస్సు కిటికీలోంచి నీలం టార్పాలిన్లు రోజూ కనిపించేవి. ఒకరోజు సర్జాపుర రోడ్డులో బస్సు చెడిపోయి దిగితే, ఒక షెడ్డు ముందు ఇద్దరు ఆడపిల్లలు తెలుగులో పోట్లాడుకుంటున్నారు. మన తెలుగు. సీమ తెలుగు. అప్పుడు ఆగాం. ఆగడానికి బస్సు చెడిపోవాల్సి వచ్చింది.

ఈ నగరంలో కట్టుబడి పనికి ఉత్తర కర్ణాటక నుంచి, బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి జనం వస్తారు. మనవాళ్లూ తక్కువేమీ కాదు. కదిరి, హిందూపురం, రాయదుర్గం వైపు వాళ్లు. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లు. నారాయణపేట, మక్తల్ వైపు వాళ్లు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా ఎరిగిన మాట. వాన పడకపోతే, అప్పు మీద వడ్డీ పెరిగితే, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు చేతిలో పెట్టుకుని పిల్లాపాపలతో బస్సెక్కుతారు. కదిరి ఇక్కడికి నాలుగైదు గంటల ప్రయాణం. మీ గుంటూరు ఒక రాత్రి దూరం. అయినా మీరు పదిహేను రోజుల్లో ఇంటికి చేరతారు. ఆ పిల్లలకు ఊరు ఎప్పుడో తెలియదు. పండగకో, ఎన్నికలకో, చావుకో వెళ్తారు.

ఇప్పుడు మా మొదటి వేసవి సంగతి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మనకు వి.బి.ఎస్. అలవాటు. పది రోజులు పాటలు, కథలు, బొమ్మలకు రంగులు, ఆఖరి రోజు కార్యక్రమం, బహుమతులు. అదే అచ్చును తీసుకొచ్చి షెడ్లలో దించాం. ఉదయం పదింటికి క్లాసు పెట్టాం. ఇంగ్లీషు రైమ్స్ నేర్పాం. ఆఖరి రోజు బెలూన్లు కట్టి, పెన్సిల్ డబ్బాలు పంచి, ఫొటోలు తీసుకున్నాం. పిల్లలు ఏడ్చారు, మేమూ ఏడ్చాం. తిరిగి వెళ్లి మా సంఘంలో సాక్ష్యం చెబితే చప్పట్లు కూడా కొట్టారు.

మరుసటి మే నెలలో అదే షెడ్లకు వెళ్లాం. కదిరి వైపు పాప ఒకతి, ఎనిమిదేళ్లుంటాయి, మా వాళ్లలో ఒక చెల్లిని వదిలేది కాదు. ఆ పాప ఏదని అడిగాం. పక్క షెడ్డులో ఉండే ఒకామె చెప్పింది: "మీరు పోయినాక నెల్లాళ్లు ఆ పిల్ల దినామూ పొద్దున పలక పట్టుకొని ఆ ఇసుక కుప్ప మీద కూర్చుండేది సార్. అక్క వస్తాదంట. వాళ్లమ్మ కొట్టినా లేసేది కాదు." ఆ బిల్డింగ్ పని అయిపోగానే మేస్త్రీ ఆ కుటుంబాన్ని ఇంకో సైటుకు తీసుకెళ్లాడట. ఏ సైటో ఆమెకు తెలియదు. మా దగ్గర ఆ పాప ఫొటోలు ఇరవై దాకా ఉన్నాయి. ఫోన్ నంబరు ఒక్కటి లేదు. ఏ ఊరో, ఏ బడిలో ఎంతవరకు చదివిందో రాసుకున్న కాగితం లేదు. ఇంతవరకు ఆ పాప కనబడలేదు.

మీ ఏడుపు మీకు రెండు రోజుల్లో తగ్గుతుంది. అది గుర్తుంచుకోండి.

అదే ఏడు ఇంకో సంగతి బయటపడింది. ఇంకో సైటు ఆఫీసు గోడకు మా క్లాసు ఫొటో పెద్దది చేసి తగిలించి ఉంది. మా బ్యానర్ కనబడకుండా కత్తిరించారు. తనిఖీకి వచ్చినవాళ్లకు, ఫ్లాటు కొనడానికి వచ్చినవాళ్లకు దాన్ని చూపించి, మా సైట్లో పిల్లలకు బడి నడుపుతున్నాం అని చెప్పుకున్నారట. మేము అక్కడ ఉన్నది పది రోజులు. వాళ్లు చూపించుకున్నది ఏడాదంతా.

ఇది వినడానికి చిన్న మోసంలా ఉంటుంది. కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో కేంద్ర చట్టం వచ్చింది. దాని 35వ సెక్షన్ ప్రకారం ఒక చోట మామూలుగా యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేస్తుంటే, ఆరేళ్లలోపు వాళ్ల పిల్లల కోసం తగిన గది, వెలుతురు, గాలి, శుభ్రత, పిల్లల సంరక్షణ తెలిసిన ఆడమనిషి, ఇవన్నీ యజమాని ఏర్పాటు చేయాల్సి ఉండేది. అది దయ కాదు, బాధ్యత. కట్టుబడి ఖర్చు మీద సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డుకు జమ చేయడం కూడా ఆ ఏడాది తెచ్చిన చట్టాలతోనే మొదలైంది. అంటే ఈ పిల్లల కోసం అడగడానికి చోటుంది, డబ్బుంది, చట్టముంది. అడిగేవాళ్లు లేరు. మేము వెళ్లి ఏం చేశామంటే, యజమాని చేయాల్సిన పనిని పది రోజులు ఉచితంగా చేసి, అతను చేయకపోయినా కనబడకుండా కప్పిపెట్టాం. మంచి మనసుతోనే చేశాం. మంచి మనసును కూడా అద్దెకు తీసుకునేవాళ్లుంటారని అప్పటికి మాకు తెలియదు.

ఆ తర్వాతి ఏడు రెండు సైట్లలో రాతపూర్వకంగా అడిగాం. ఒకచోట మూడుసార్లు తిరిగాక ఒక గది, ఫ్యాను, ఒక ఆయా వచ్చారు. ఆ గది ఇప్పటికీ ఉంది, ఎల్లుండి మీలో కొందరు చూస్తారు. ఇంకోచోట గేటు మూసేశారు. మేము బయట, పిల్లలు లోపల. కాంపౌండు సందులోంచి చేతులూపారు. ఆ ఏడు అక్కడి పిల్లలకు మేము ఒక్క అక్షరం చెప్పలేకపోయాం. అడిగి తప్పు చేశామా? నోరు మూసుకుని పాఠాలు చెప్పుకుంటే బాగుండేదా? మా బృందంలో ఈ విషయం మీద ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. అడగాల్సిందే అన్నది మా అభిప్రాయం. కానీ ఆ చేతులు గుర్తొచ్చినప్పుడు అంత గట్టిగా చెప్పలేం.

మీలో ఒక తమ్ముడు రైల్లో అడిగాడట, ఇక్కడిదాకా ఎందుకు, విదేశాలకు వెళ్లి సెలవుల్లో పాఠాలు చెప్పే కార్యక్రమాలున్నాయి కదా, డబ్బు కడితే తీసుకెళ్తారట కదా అని. ఉన్నాయి. మంచివీ ఉన్నాయి. కానీ కంబోడియాలో ఏం జరిగిందో తెలుసుకుని వెళ్లండి. సెలవుల్లో వచ్చి పాఠాలు చెప్పే విదేశీయులు, వాళ్ల కానుకలు పెరిగేకొద్దీ అనాథాశ్రమాలు పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడటానికి వచ్చేవాళ్లుంటే చూపించడానికి పిల్లలు కావాలి గదా! 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసేటప్పుడు ఈ సంగతి వాళ్ల పార్లమెంటులో చర్చకు వచ్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ పిల్లల హక్కుల తీర్మానంలో కూడా ఈ హాని ప్రస్తావన ఉంది. అక్కడికి వెళ్లిన యువతీయువకుల్లో చెడ్డవాళ్లెవరూ లేరు. మనలాంటివాళ్లే, చాలామంది మన విశ్వాసులే.

సెలవుల్లో దూరం వెళ్లి చదువు చెప్పడం వ్యర్థమని మేము అనడం లేదు. అలా అనుకుంటే మిమ్మల్ని పిలిచేవాళ్లమే కాదు. 1964 వేసవిలో అమెరికాలో ఉత్తరాది కాలేజీ పిల్లలు వందల సంఖ్యలో మిసిసిపీ రాష్ట్రానికి వెళ్లారు. నల్లజాతివారికి ఓటు హక్కు ఉన్నా నమోదు చేసుకోనివ్వని రోజులు. ఆ సెలవుల్లో ఫ్రీడమ్ స్కూల్స్ పేరుతో నలభైకి పైగా బడులు నడిచాయి, రెండు వేలకు మించి పిల్లలు వచ్చారు. చర్చిల నేలమాళిగల్లో, చెట్ల కింద నడిచాయి. వచ్చే ముందు ఒహైయోలో వాళ్లకు శిక్షణ ఇచ్చారు, దానికి అక్కడి చర్చిల జాతీయ మండలి సాయపడింది. జూన్ 21న జేమ్స్ చానీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ముగ్గురు యువకులను చంపేశారు. మిగతావాళ్లు వెనక్కి వెళ్లలేదు.

ఆ బడుల్లో మాకు నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. వాళ్లు చదువుతో పాటు ప్రశ్నలు పెట్టారు. మనం ఇక్కడెందుకున్నాం? మన దగ్గర లేనిది ఏమిటి? మనం పోగొట్టుకోకూడనిది ఏమిటి? పైగా అక్కడి పని మొదలుపెట్టింది ఆ సెలవుల పిల్లలు కాదు. అప్పటికే అక్కడ ఏళ్ల తరబడి దెబ్బలు తింటూ పనిచేస్తున్న స్థానిక నల్లజాతి యువత ఉంది, వాళ్లు పిలిస్తే వీళ్లు వెళ్లారు. సెలవులు అయిపోయాక పని ఆగిపోలేదు.

మన సంగతికి వద్దాం. పదిహేను రోజుల్లో మీరు ఎవరికీ చదవడం రాయడం పూర్తిగా నేర్పలేరు. మరి ఏం చేయగలరు? క్యాలెండరు చూడండి. కర్ణాటకలో బడులు మామూలుగా మే ఆఖరులో తెరుస్తారు. మనకు జూన్ 12 దాకా తెరవరు. మీ కాలేజీలు ఇంకా ఆలస్యం. అంటే ఇక్కడ బడి గంట కొట్టే రోజున మీకింకా సెలవులే. అందుకే ఈసారి మిమ్మల్ని మే మధ్యలో కాకుండా నెలాఖరుకు రమ్మన్నాం. మీరు ఇక్కడ పాఠాలు చెప్పి వెళ్లే పంతుళ్లు కాదు. పిల్లవాణ్ణి వేలు పట్టుకుని బడి గేటు దాటించేవాళ్లు.

అది తేలిక పని అనుకోకండి. నిరుడు కోసిగి వైపు పిల్లవాడు ఒకడు, పదకొండేళ్లు, ఊళ్లో నాలుగో తరగతి సగంలో మానేశాడు. వాణ్ణి తీసుకుని దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లాం. టీసీ ఏది అన్నారు. లేదు. పుట్టిన తేదీ కాగితం? లేదు. టీసీ తెచ్చాక రండి అన్నారు. ఆ తండ్రి ముఖం చూడాలి. టీసీ కోసం కోసిగి వెళ్లి రావాలంటే రెండు రోజుల కూలి, దారి ఖర్చులు. ఇలాంటి చోటే ఎక్కువమంది పిల్లల చదువు ఆగిపోతుంది. ఎవరూ పొమ్మనరు. కాగితం తెచ్చుకోమంటారు, అంతే.

విద్యా హక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీలో టీచర్ ట్రైనింగు చేస్తున్నవాళ్లకు తెలిసే ఉంటుంది, కానీ పరీక్ష కోసం చదవడం వేరు. 4వ సెక్షన్ ప్రకారం బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావాళ్లను అందుకునేదాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 5వ సెక్షన్ ప్రకారం పిల్లలు రాష్ట్రంలోపల గానీ, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గానీ బడి మారవచ్చు, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని కాదనకూడదు. ఈ మూడు సెక్షన్లు కన్నడలో, ఇంగ్లీషులో అచ్చు వేయించాం. మీ సంచిలో పెట్టుకోండి.

అయితే ఆ కాగితాన్ని హెడ్‌మాస్టరు గారి ముఖం మీద ఆడించకండి. మేము మొదట అదే చేశాం. ఆయనకు కోపం వచ్చింది, పని చెడింది. చివరికి తెలిసిందేమంటే ఆయన ఇబ్బంది ఆయనకుంది. కంప్యూటర్లో పిల్లవాడి వివరాలు ఎక్కించాలంటే పాత నంబరు అడుగుతుంది. అప్పుడు మా వాళ్లలో ఒక చెల్లి కూర్చుని కోసిగి వైపు ఆ ఊరి బడి పంతులు గారి నంబరు కనుక్కుంది. ఎలా అంటే, పిల్లవాడి మేనమామకు ఫోన్ చేసి, ఆయన ద్వారా రేషన్ డీలర్‌కు, ఆయన ద్వారా పంతులు గారికి. సెలవుల్లో ఉన్నా ఆ పంతులు గారు బడికి వెళ్లి రిజిస్టరు ఫొటో తీసి వాట్సాప్ చేశారు. నాలుగో రోజు పిల్లవాడు బడిలో ఉన్నాడు. ఆ చెల్లి ఆ నాలుగు రోజులూ ఒక్క పాఠం చెప్పలేదు. ఇంటికి వెళ్లాక, నువ్వేం నేర్పావమ్మా అని వాళ్ల నాన్న అడిగితే ఏం చెప్పాలో తెలియలేదట.

ఇక మీరు నేర్పాల్సింది. ఇంగ్లీషు రైమ్స్ వద్దు. ఆ పిల్లలు వెళ్లేది కన్నడ బడికి. మాతృభాషలో చదువు వీలైనంతవరకు ఉండాలని ఆ చట్టమే అంటుంది గానీ, షెడ్డు దగ్గరి బడిలో తెలుగు పంతులు ఉండరు. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ. తెలుగు చదవడం కాస్త వచ్చిన పిల్లలు కూడా అక్కడ కన్నడ అక్షరాలు చూసి ఏమీ రానివాళ్లలా కూర్చుంటారు. ఇక్కడే మీరు పనికొస్తారు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. గ, న, బ, ర, ల చూడండి. తలకట్టు తీరు మారుతుంది, మిగతా ఒళ్లు అదే. తికమక పెట్టేవి కొన్నే, క, త, శ లాంటివి. రేపటి నుంచి బస్సు బోర్డులు చదవండి. బీఎంటీసీ బస్సు మీద ఊరి పేరు కన్నడలో, ఇంగ్లీషులో రెండింటిలో ఉంటుంది. మా గుంటూరు తమ్ముడొకడు రెండు రోజుల్లో బోర్డులు చూసే నేర్చుకున్నాడు. మూడో రోజు ఒక పాపకు తప్పు దిద్దబోతే ఆ పాపే వాడికి దిద్దింది. అదే మంచి క్లాసు.

పిల్లలకు బడి భయం పోవాలంటే పది మాటలు చాలు. మిస్సును నీళ్లు అడగడం, బయటికి వెళ్లొస్తానని చెప్పడం, నాకు అర్థం కాలేదు అనడం. ఇవి కన్నడలో చెప్పడం నేర్పండి. ముందు మీరు నేర్చుకోండి, షెడ్లలో రాయచూరు, యాదగిరి వైపు తల్లులుంటారు, వాళ్లనడిగితే నవ్వుకుంటూ నేర్పుతారు.

క్లాసు పొద్దున వద్దు, సాయంత్రం ఐదు తర్వాత. మొదటి ఏడు మా క్లాసుకు పెద్ద ఆడపిల్లలు రాలేదు. చదువు మీద ఇష్టం లేదనుకున్నాం. అమ్మలు పనిలో ఉంటే పసిబిడ్డల్ని చూసుకునేది వాళ్లే. చీర ఉయ్యాల దగ్గర నుంచి కదలడానికి లేదు. ఇప్పుడు బిడ్డను చంకనెత్తుకుని వస్తే రానిస్తున్నాం. గోలగా ఉంటుంది. ఉండనివ్వండి. మే నెలలో ఇక్కడ సాయంత్రం వాన కొడుతుంది, ఒక్కోరోజు షెడ్డులోకి నీళ్లొస్తాయి. ఆ రోజు క్లాసు లేదు, గిన్నెలూ బియ్యమూ పైకెత్తి పెట్టడమే.

సీమ యాస విని నవ్వే అలవాటు మన కోస్తా పిల్లలకు ఉంది. ఇక్కడ వద్దు.

ఇంకో ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. పాస్టరు గారూ, సువార్త చెప్పకుండా ఇదంతా ఎందుకు? ఇది లోకం చేసే సేవే కదా? దానికి మన చరిత్రలోంచే జవాబు చెబుతాం. ఒంగోలులో క్లౌ దొర గారి పేరు మీ తాతమ్మలు చెప్పి ఉంటారు. 1876-78 కరువులో జనం ఆకలితో చస్తుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. కూలీల మధ్యే గుడారాల్లో ప్రసంగాలు జరిగాయి. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. కానీ సాయం పంచుతున్నంతకాలం, నెలల తరబడి, ఆయన ఇవ్వలేదు. ఆకలి తీర్చినందుకు వచ్చే విశ్వాసం అని ఎవరూ అనకూడదని, తనకూ అలా అనుమానం రాకూడదని. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ సంఖ్యను చెప్పుకుంటారు. మాకు మాత్రం అంతకు ముందు ఆయన ఆగిన నెలలే పెద్దవి.

షెడ్డులో తల్లి తన బిడ్డను మనకు అప్పగించేది అక్షరం కోసం. మాట అడిగి ఒకటి, చేసేది ఇంకొకటి అయితే అది మోసం. కాబట్టి క్లాసులో ప్రార్థన లేదు, కరపత్రాలు లేవు, బైబిలు కథల బొమ్మల పుస్తకాలు లేవు. మీరెవరని వాళ్లడిగితే దాచకండి. క్రైస్తవులమని చెప్పండి. అంతవరకే.

క్లౌ గారి కాలువ అయ్యాక పాతికేళ్లకు ఇంకొకాయన ఇటు నుంచే బయల్దేరాడు. నాటాల్‌కు చెరకు తోటలకు, తేయాకు తోటలకు కూలి ఒప్పందాల మీద మనవాళ్లను 1860 నుంచి ఓడల్లో తీసుకెళ్తున్నారు. ఐదేళ్ల ఒప్పందం. వాళ్లలో తెలుగువాళ్లున్నారు, మన సంఘాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికా పంపింది. కాన్క రాశుల్లేవు, దొరల సంఘం కాదు, మన తెలుగు సంఘాలే పంపాయి. కియర్స్‌నీ తేయాకు తోటల తెలుగు కూలీల మధ్య ఆయన సంఘం కట్టాడు. 1915లో చనిపోయేదాకా ఆ పరిచర్యలోనే ఉన్నాడు. పన్నెండేళ్లు.

మిమ్మల్ని పన్నెండేళ్లు ఉండమని అడగం. అడిగితే రేపు సగం మంది ఉండరు. కానీ ఒక మాట అడుగుతాం. మీలో ప్రతి ఇద్దరికీ ఎనిమిది మంది పిల్లల్ని అప్పగిస్తాం. మీరు వెళ్లాక నెలకోసారి వాళ్ల ఇంటికి ఫోన్ చేయాలి. పిల్లవాడు బడికి వెళ్తున్నాడా, సైటు మారారా, మారితే ఎక్కడికి. మారితే మాకు చెప్పాలి, కొత్త చోట బడి మేము చూస్తాం. ఇక్కడి తెలుగు సంఘాల్లో ఆరుగురు అక్కలు, అన్నలు దీనికోసం ఉన్నారు. వాళ్లు ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాదంతా ఈ పని చూస్తున్నారు. ఈ పని వాళ్లది, మీరు వాళ్లకు సాయం వచ్చారు. ఫోన్ చేయలేనివాళ్లు ఇప్పుడే చెప్పండి, తప్పుగా అనుకోం. వాళ్లకు పిల్లల్ని అప్పగించం, నోటు పుస్తకాలకు అట్టలు వేసే పని బోలెడుంది.

రేపు ఉదయం ఏడుకు బయల్దేరుతాం. వర్తూరు వైపు ఒక బృందం, హెన్నూరు వైపు ఒక బృందం. మూడు రోజులు పాఠాలు లేవు, తల్లులు వండుతుంటే పక్కన కూర్చుని మాట్లాడండి, నీళ్ల ట్యాంకరు వస్తే బిందె పట్టుకోండి. ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు. పిల్లవాడి పేరు, ఊరు, మండలం, ఆఖరికి చదివిన బడి, తరగతి, తండ్రి నంబరు, మేస్త్రీ నంబరు, ఊళ్లో ఉండే బంధువు నంబరు. ఊళ్లో నంబరు మాత్రం మర్చిపోవద్దు, సైటు మారితే సిమ్ములు మారతాయి, ఊరు మారదు. ఫొటోలు తీయొద్దు. ఇందాక ఎవరి సంచిలోనో బెలూన్ల ప్యాకెట్లు చూశాం, అవి ఇక్కడే వదిలేయండి.

లోపల రాగి సంకటి, పప్పు సిద్ధంగా ఉన్నాయి. సంకటి తినడం రానివాళ్లు హిందూపురం తమ్ముడి పక్కన కూర్చోండి, నేర్పుతాడు.